పొదుపు ఎవరి వాటాలోంచి?



ఈ వారం వీడియోలో సగం ఒళ్ళు బంగారమైన ముంగిస కథ చెప్పుకున్నాం. మహాభారతం ఆశ్వమేధిక పర్వంలోది. వీడియో నిడివి తక్కువ కాబట్టి కథ వరకే చెప్పి ఆపేశాం. కానీ ఆ స్క్రిప్టు రాస్తున్నప్పుడు ఒకచోట నా చెయ్యి ఆగిపోయింది. మా ఇంట్లో జరిగిన ఒక విషయం గుర్తొచ్చింది. అది డబ్బుకి సంబంధించింది, మా ఆవిడ పన్నుకి సంబంధించింది. పన్ను అంటే ఇన్‌కమ్ ట్యాక్స్ అనుకునేరు, కాదు. నోట్లో ఉండే పన్నే.

మన వీడియోలు చూసేవాళ్ళలో కొత్తగా పెళ్ళైనవాళ్ళు, ఇద్దరూ ఉద్యోగాలు చేస్తూ ఈఎంఐలు కడుతున్నవాళ్ళు చాలామందే ఉన్నారని తెలుసు. అందుకే కొంచెం మొహమాటంగా ఉన్నా రాస్తున్నా. అడగాలనుకున్న ప్రశ్న ఇది: భార్యాభర్తలు కలిసి పొదుపు చేస్తున్నాం అంటాం కదా, ఆ మిగిలిన డబ్బు ఎవరి వాటాలోంచి మిగిలింది?

ముందు కథ ఒకసారి

వీడియో చూడనివాళ్ళ కోసం క్లుప్తంగా. కురుక్షేత్రంలో ఒక పేద బ్రాహ్మణుడు. సక్తుప్రస్థుడని పిలుస్తారు. ఉంఛవృత్తితో బతుకుతాడు. అంటే కోతలయ్యాక పొలంలో రాలిపోయిన గింజలు ఏరుకుని, వాటితోనే ఇల్లు నడుపుకోవడం. ఇంట్లో నలుగురు: ఆయన, భార్య, కొడుకు, కోడలు. కరువు రోజులు. చాలా రోజులు పస్తులున్నాక ఒకరోజు ఒక ప్రస్థం యవలు దొరికాయి. పిండి చేసుకుని, జపం, హోమం అయ్యాక నలుగురూ నాలుగు సమాన భాగాలు చేసుకుని తినడానికి కూర్చున్నారు. సరిగ్గా అప్పుడే అతిథి వచ్చాడు.

ఇంటాయన తన భాగం పెట్టాడు. అతిథి ఆకలి తీరలేదు. అప్పుడు భార్య, "నా భాగం పెట్టండి" అంది. ఆయన ఒప్పుకోలేదు. ఆవిడ అప్పటికే ఆకలితో, ముసలితనంతో ఎముకలగూడులా ఉంది. పురుగులూ జంతువులూ కూడా తమ ఆడవాటిని కాపాడుకుంటాయి, నీది ఎలా తీసుకోను అన్నాడు. ఆవిడ పట్టుబట్టి ఒప్పించింది. మన ధర్మం, అర్థం రెండూ ఉమ్మడివే కదా అని వాదించింది. తర్వాత కొడుకు, ఆ తర్వాత కోడలు. ప్రతిసారీ ఆ పెద్దాయన వద్దన్నాడు. ప్రతిసారీ ఇచ్చేవాళ్ళే ఆయన్ని ఒప్పించారు. ఆ వచ్చిన అతిథి ధర్మదేవత. నలుగురూ స్వర్గానికి వెళ్ళారు. అక్కడ రాలిన పిండిలో పొర్లిన ముంగిసకి సగం ఒళ్ళు బంగారమైంది. మిగతా సగం కోసం అది ధర్మరాజు అశ్వమేధ యాగానికి వచ్చి పొర్లింది. ఏమీ కాలేదు. ఈ యాగం ఆ పిడికెడు పిండికి సాటిరాదని సభలో అందరి ముందూ చెప్పేసింది.

ఈ కథలో దానం గొప్పతనం అందరికీ కనిపిస్తుంది. నా చెయ్యి ఆగింది అక్కడ కాదు. ఇంటి యజమాని ఒక్కసారి కూడా "నీ భాగం ఇటివ్వు" అని ఎవరినీ అడగలేదు. తనది ఇచ్చేశాక, ఎదురుగా ఇంకా మూడు భాగాలు ఉన్నా, అతిథి ఇంకా ఆకలితోనే ఉన్నా, ఆయన నోటి నుంచి ఆ మాట రాలేదు. వాళ్ళంతట వాళ్ళు ఇస్తానన్నా అడ్డుపడ్డాడు.

నేను అలా చెయ్యలేదు.

మా ఇంటి షీటు

మా పెళ్ళి ఖర్చుల కోసం 6 లక్షలు పర్సనల్ లోన్ తీసుకున్నా. 12 శాతం వడ్డీ, నాలుగేళ్ళు, నెలకి 15,800 ఈఎంఐ. నాలుగేళ్ళూ కడితే వడ్డీయే లక్షా యాభై వేలు దాటుతుంది. పెళ్ళి కోసం కుబేరుడి దగ్గర అప్పు చేసిన శ్రీనివాసుడే ఇంకా వడ్డీ కడుతున్నాడని, అందుకే ఆయన వడ్డికాసులవాడు అయ్యాడని మా నాన్న పెళ్ళిలో జోకు వేశారు. నేను మాత్రం మనసులో పట్టుదల పట్టా. నెలకి ఇంకో 12,500 పక్కకి తీసి, రెండేళ్ళలో అప్పు తీర్చెయ్యాలి.

సాఫ్ట్‌వేర్ వాడికి పట్టుదల వస్తే ఏం చేస్తాడు? షీటు చేస్తాడు. నేనూ చేశా. ఇద్దరి జీతాలు ఒక ట్యాబ్, ఖర్చులు ఒక ట్యాబ్, చివర ఒక గ్రాఫ్. నాకు చేతికి 92,000 వస్తుంది. తను ఒక ప్రైవేటు స్కూల్లో టీచరు, 26,000. అద్దె, కిరాణా, పాలు, కరెంటు, పెట్రోలు అన్నిటికీ గళ్ళు. ఆ నెల లక్ష్యం చేరితే గడి పచ్చగా మారుతుంది, చేరకపోతే ఎర్రగా.

నిజంగానే పనిచేసింది. స్విగ్గీ, జొమాటో ఆర్డర్లు నెలకి రెండుకి వచ్చేశాయి. ఆదివారం పొద్దున్నే కూకట్‌పల్లి రైతు బజారుకి వెళ్ళి వారానికి సరిపడా కూరగాయలు తెచ్చుకునేవాళ్ళం. క్రెడిట్ కార్డు మీద మినిమం డ్యూ మాత్రమే కట్టి వదిలేసే పాత అలవాటు మానేశా. ఆ అలవాటు ఉన్నవాళ్ళు ఇవాళే మానెయ్యండి, మిగిలిన బాకీ మీద నెలకి 3 శాతానికి పైగా వడ్డీ పడే కార్డులే ఎక్కువ. ఆఫీసులో లంచ్ దగ్గర నా షీటు గురించి గొప్పగా చెప్పేవాణ్ణి. ఇద్దరు ముగ్గురు కాపీ కూడా అడిగి తీసుకున్నారు.

ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే ఆ షీటులో మూడు విషయాలు కనిపిస్తున్నాయి.

నేను మా అమ్మానాన్నలకి పంపే 10,000 "తప్పనిసరి ఖర్చులు" కింద ఉంది. తను వాళ్ళమ్మకి ఎప్పుడైనా పంపే 2,000 "ఇతరాలు" కింద ఉంది.

నేను కొన్న 7,500 కీబోర్డు "ఆఫీసు అవసరాలు" కింద ఉంది. తను స్కూలుకి కొనుక్కున్న రెండు కాటన్ చీరలు "షాపింగ్" కింద ఉన్నాయి.

ఇక మూడోది. తనకి ఆ షీటు చూసే వీలు ఇచ్చా కానీ మార్చే వీలు ఇవ్వలేదు. పొరపాటున ఫార్ములాలు చెడిపోతాయేమో అని.

అంటే ఖర్చు ఇద్దరిదీ. కానీ ఏ ఖర్చుకి ఏ పేరు పెట్టాలి, ఏది అవసరం, ఏది సరదా అని తేల్చేది నేనొక్కణ్ణే. నేను తనని ఏనాడూ తిట్టలేదు, వద్దనలేదు. నెలాఖర్న గడి ఎర్రగా ఉంటే మాత్రం ఒక్క ప్రశ్న వేసేవాణ్ణి: "ఇది ఈ నెలే అవసరమా?" ఇది చాలా న్యాయమైన ప్రశ్న అనుకునేవాణ్ణి.

సకినాలు

పోయిన సంక్రాంతికి మా అత్తగారి ఊరు వెళ్ళాం. కరీంనగర్ దగ్గర. మాది తెనాలి, మా వైపు అరిసెలు ఎలాగో వాళ్ళ వైపు సకినాలు అలాగ. బియ్యప్పిండిలో నువ్వులు, వాము వేసి, గుడ్డ మీద చుట్లు చుట్లుగా పోసి, నూనెలో వేయిస్తారు. మా ఆవిడకి ప్రాణం. పెళ్ళైన కొత్తలో ఒక స్టీలు డబ్బా నిండా తెచ్చుకుని వారంలో ఖాళీ చేసింది.

ఈసారి ఒక సకినం తీసుకుని, విరిచి, టీలో ముంచుకుని తింటోంది. అది కూడా నోటికి ఒకవైపే. నేను గమనించలేదు. వాళ్ళమ్మ గమనించింది.

"పన్ను నొస్తుందా బిడ్డా?"

"ఏం లేదమ్మా, కొంచెమే."

"ఎన్ని రోజుల సంది?"

తను నా వైపు ఒకసారి చూసి, "దీపావళి సంది" అంది.

అత్తమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. లేచి లోపలికి వెళ్ళి, ఆవిడకి తెలిసిన లవంగం నూనె దూది మీద వేసుకుని వచ్చింది. అల్లుణ్ణి కాబట్టి నా ప్లేటులో ఇంకో నాలుగు సకినాలు వేసింది. అవి తినడం ఎంత కష్టమైందో నాకే తెలుసు.

రాత్రి మేడ మీద అడిగా. "రెండున్నర నెలలుగా నొప్పి ఉంటే నాకెందుకు చెప్పలేదు?"

"అప్పటి నెల షీటు ఎర్రగ ఉండె కదా. ఫ్రిజ్ రిపేరు వచ్చింది. తర్వాత నెల చూపించుకుందాం అనుకున్న. గోలీ వేసుకుంటే తగ్గుతుండె."

"పంటికి డబ్బులు వద్దంటానా నేను?"

"వద్దనవు. అడుగుతవు. ఈ నెలే అవసరమా అని. నాకు దానికి జవాబు చెప్పుకోవాలంటే ఎట్లనో అనిపిస్తది. నొప్పి ఎంతుందో లెక్క చూపించాలె కదా."

కోపంగా అనలేదు. మామూలుగానే చెప్పింది. నేను మాత్రం ఆ రాత్రి నిద్రపోలేదు.

హైదరాబాద్ వచ్చాక డెంటిస్టు దగ్గరికి వెళ్ళాం. దీపావళి అప్పుడే వచ్చుంటే ఫిల్లింగ్‌తో పోయేదన్నారు. ఇప్పుడు రూట్ కెనాల్ చేసి క్యాప్ వెయ్యాలి. 1,500 రూపాయల పని 11,000 అయింది.

ఖర్చు తగ్గి ఉంటే?

ఈ సంఘటన ఆఫీసులో ఒక స్నేహితుడికి చెప్తే, "చూశావా, హెల్త్ విషయంలో పిసినారితనం చేస్తే చివరికి ఎక్కువ ఖర్చవుతుంది" అన్నాడు. నిజమే. ఇన్సూరెన్స్ ప్రకటనలు కూడా అదే చెప్తాయి. నేను కూడా కొన్ని రోజులు అక్కడే ఆగిపోయా. నా లెక్క తప్పింది, అంతే. ఇకపై దంతాలకి ఇంకో గడి పెడదాం.

కానీ ఒకటి ఆలోచించండి. ఒకవేళ ఆ నొప్పి దానంతట అదే తగ్గిపోయి ఉంటే? రూపాయి ఖర్చు కాకుండా, షీటు పచ్చగానే ఉండి, అప్పు అనుకున్న నెలకే తీరిపోయి ఉంటే? నేను చేసింది ఒప్పయ్యేదా?

అవ్వదు. తను రెండున్నర నెలలు ఒకవైపు నమిలి తిన్న తిండి అలాగే ఉండేది. తేడా అల్లా, ఆ సంగతి నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. పైగా పచ్చటి గడి చూసి, మనం ఎంత బాగా పొదుపు చేశామో అని మెచ్చుకునేవాణ్ణి. ఇలా ఆలోచించినప్పుడే నాకు భయం వేసింది. తప్పు లెక్కలో ఉంటే లెక్క సరిచేస్తే పోతుంది. ఇక్కడ తప్పు లెక్కలో లేదు. నేను మిగిల్చిన డబ్బు నా భాగంలోది కాదు, తన భాగంలోది. దానికి "మన పొదుపు" అని పేరు పెట్టుకున్నా.

"అంతా మనదే కదా, వాటాలేంటి?"

ఈ మాట చదవగానే కొందరికి నచ్చకపోవచ్చు. సంసారం అన్నాక నీ వాటా, నా వాటా ఏంటి, ఇదేమైనా పార్ట్‌నర్‌షిప్ కంపెనీయా అని. నాకూ మొదట అలాగే అనిపించింది. పెళ్ళిలో ధర్మంలో, అర్థంలో, కామంలో ఈమెని దాటి నడవను అని "నాతిచరామి" చెప్పాం. అందులో అర్థం అంటే డబ్బే కదా. ఇద్దరిదీ ఒక్కటే అనే కదా ఆ మాటకి భావం?

సక్తుప్రస్థుడి భార్య కూడా సరిగ్గా అదే అంది, మన ధర్మం, అర్థం ఉమ్మడివని. కానీ ఆ మాట ఎవరు అన్నారో చూడండి. ఇస్తున్న మనిషి అంది. తీసుకునే మనిషి అనలేదు. ఆయనే ముందుగా "మనది ఒక్కటే కాబట్టి నీ పిండి కూడా పెట్టెయ్" అని ఉంటే ఏమయ్యేది? మాటలు అవే. కథ మాత్రం తలకిందులయ్యేది. అది ఆవిడ దానం అయ్యేది కాదు, ఆవిడ తిండి లాక్కోవడం అయ్యేది. "మనది" అనే మాట ఇచ్చేవాళ్ళ నోట ప్రేమ. తీసుకునేవాళ్ళ నోట అదే మాట చాలాసార్లు అధికారం.

ఇంకొకటి. వాళ్ళ అర్థం ఉమ్మడిదే, అయినా తినేముందు పిండిని నాలుగు భాగాలు చేసుకున్నారు. ఎందుకంటే ఇల్లు ఒకటే అయినా ఆకలి ఎవరి కడుపుది వారిది. పంటినొప్పీ అంతే. జాయింట్ అకౌంట్ ఉంటుంది గానీ జాయింట్ నొప్పి ఉండదు.

మన పెద్దలకి ఈ సంగతి తెలుసు. ధర్మశాస్త్రాల్లో స్త్రీధనం అని ఆడవాళ్ళ సొంత ఆస్తిని విడిగా చెప్పారు. కరువు, జబ్బు లాంటి ఆపదల్లో తప్ప భర్త దాని మీద చెయ్యి వెయ్యకూడదని యాజ్ఞవల్క్య స్మృతిలో ఉంది. స్త్రీధనం మీద పూర్తి హక్కు భార్యదేనని సుప్రీంకోర్టు కూడా 1985లో చెప్పింది. అంటే ఎంత కలిసి బతికినా, ఒకరి చేతిలో అడగక్కర్లేని భాగం కొంత ఉండాలన్నది మనకి కొత్తేమీ కాదు.

కానీ ఆచరణలో ఏం జరిగింది? పోపుల డబ్బా. అమ్మలు ఆవాల కింద, జీలకర్ర కింద డబ్బులు దాచడం గురించి మనం నవ్వుకుంటూ చెప్పుకుంటాం. 2016 నవంబరులో పాత 500, 1000 నోట్లు రద్దైనప్పుడు నేను ఇంజినీరింగ్ చదువుతున్నా. మా అమ్మ 14,500 రూపాయలు, అన్నీ పాత నోట్లు, తీసుకొచ్చి నాన్న ముందు పెట్టింది. నాన్న నవ్వారు. చుట్టుపక్కల ఇళ్ళల్లో కూడా అదే తంతు కాబట్టి అందరూ నవ్వారు. అమ్మ మాత్రం దొంగతనం బయటపడినట్టు తలదించుకుని నిలబడింది. అప్పుడు నేనూ నవ్వా. ఇప్పుడు అనిపిస్తోంది, ఆ డబ్బాలో ఉన్నది ఇంటి ఖర్చుల్లో మిగిల్చిన పొదుపు మాత్రమే కాదు. ఎవరికీ జవాబు చెప్పక్కర్లేని ఒక భాగం. ఎవరూ ఇవ్వలేదు కాబట్టి దాచుకుంది. మా ఆవిడకి పోపుల డబ్బా కూడా లేదు. అన్నీ యూపీఐ, అన్నీ నా షీటులో కనిపిస్తాయి.

తనే వదులుకుంది కదా?

నాలోని లాయరు ఇంకో వాదన కూడా తెచ్చాడు. నేను బలవంతం చెయ్యలేదే. తనే మానుకుంది. అది తన త్యాగం. త్యాగం గొప్పదని కదా మన కథలన్నీ చెప్పేది?

త్యాగం గొప్పదే. కానీ త్యాగానికి, భయంతో మానుకోవడానికి తేడా ఎలా తెలుస్తుంది? సక్తుప్రస్థుడి ఇంట్లో దానికి రెండు గుర్తులు కనిపించాయి నాకు.

మొదటిది, అక్కడ ఇచ్చేవాళ్ళు అందరి ఎదుట ఇచ్చారు. నా భాగం ఇది, ఇదిగో ఇస్తున్నా అని. మా ఇంట్లో తను వదులుకున్నది నాకు తెలియనే లేదు. దాచిపెట్టి వదులుకోవాల్సి వచ్చిందంటే, అది చెప్పుకునే చోటు ఇంట్లో లేదన్నమాట.

రెండోది, అక్కడ లాభం పొందే మనిషి అడ్డుపడ్డాడు. అతిథికి పెడితే గృహస్థుగా ఆయన ధర్మం నిలుస్తుంది. అయినా వద్దు, నువ్వు ఇప్పటికే చిక్కిపోయావు అన్నాడు. అంటే వాళ్ళు చిక్కిపోవడం ఆయన కంటపడింది. నాకు షీటులో ప్రతి రూపాయీ కనిపించింది. ఎదురుగా కూర్చుని రోజూ ఒకవైపే నమిలే మనిషి కనిపించలేదు.

ఇంట్లో ఒకరు వదులుకుంటూ ఉంటే రెండోవాళ్ళ పని అడ్డుపడటం. ఇద్దరూ అడ్డుపడుతూ, ఇద్దరూ ఇస్తామని పట్టుబడుతూ ఉంటే అది సంసారం. ఒకరు ఇస్తూ, రెండోవాళ్ళు గ్రాఫ్ చూసి సంతోషపడుతూ ఉంటే దానికి త్యాగం అనే పేరు పెట్టే హక్కు ఆ రెండోవాళ్ళకి లేదు.

మరి పొదుపు మానెయ్యాలా?

అస్సలు కాదు. రాలిన గింజలు ఏరుకుని బతికిన ఇంటికి పొదుపు గురించి మనం నేర్పేదేముంది? వాళ్ళు వృథా చెయ్యలేదు, అప్పు చెయ్యలేదు, ఉన్నదాన్ని సమానంగా పంచుకున్నారు. నేను ఇప్పటికీ షీటు రాస్తున్నా. ఇప్పటికీ రైతు బజారుకే వెళ్తున్నాం.

కానీ ఒక మంచి లెక్క ఎలా ఉండాలో రెండు చోట్ల దొరికింది. ఒకటి మహాభారతం వనపర్వంలో ద్రౌపదీ సత్యభామల సంభాషణ. భర్తల మనసు ఎలా గెలుచుకున్నావని సత్యభామ అడిగితే, ద్రౌపది చెప్పిన వాటిలో ఒకటి ఇది: ధర్మరాజు రాజ్యం చేసిన రోజుల్లో ఆదాయం ఎంత, వ్యయం ఎంత అన్నది మొత్తం నాకే తెలుసు, ఆ భారం నేనే మోశాను అని. ఇంద్రప్రస్థం ఖజానా లెక్కలే ద్రౌపది చేతిలో పెట్టారు. నేను మా రెండు గదుల ఫ్లాట్ షీటు కూడా మా ఆవిడని మార్చనివ్వలేదు.

రెండోది భాగవతం అష్టమ స్కంధంలో శుక్రాచార్యుడు బలి చక్రవర్తికి చెప్పిన మాట. సంపదని ఐదు భాగాలు చెయ్యమన్నాడు. ధర్మానికి, కీర్తికి, మళ్ళీ సంపాదించడానికి, సొంత సుఖానికి, తన వాళ్ళకి. బలి దానాన్ని ఆపడానికి చెప్పాడన్నది నిజమే, బలి వినలేదన్నదీ నిజమే. కానీ లెక్క మాత్రం చక్కగా ఉంది. సుఖానికి ఒక భాగం, తన వాళ్ళకి ఒక భాగం ముందే రాసిపెట్టి ఉన్నాయి. మిగిలితే చూద్దాం అనలేదు. నా షీటులో అప్పు ముందు, మిగతావన్నీ మిగిలితేనే.

ఇప్పుడు మా ఇంట్లో

పెద్ద మార్పులేమీ కావు. నాలుగు చేశాం.

షీటు మార్చే వీలు ఇద్దరికీ ఉంది. నెలలో మొదటి ఆదివారం టీ తాగుతూ అరగంట కూర్చుంటాం. తను మొదటి రోజే మూడు గళ్ళ పేర్లు మార్చేసింది. వాళ్ళమ్మకి పంపేది, మా అమ్మకి పంపేది రెండూ "పెద్దవాళ్ళు" అనే ఒకే గడిలోకి వచ్చాయి. నా కీబోర్డు "షాపింగ్"లోకి వెళ్ళింది. ఫార్ములాలు ఏమీ చెడిపోలేదు.

ఇద్దరికీ నెలకి చెరో 4,000 విడిగా. జీతాల నిష్పత్తిలో కాదు, సమానంగా. పిండిని నాలుగు సమాన భాగాలు చేశారు గానీ, ఎవరు ఎన్ని గింజలు ఏరారని లెక్క చూడలేదు కదా. ఆ 4,000 ఏం చేశావని రెండోవాళ్ళు అడగకూడదు.

ఒంట్లో బాగాలేకపోతే షీటు చూడకూడదు. ముందు డాక్టరు, తర్వాతే లెక్క.

నాలుగోది నాకు అన్నిటికంటే కష్టమైంది. ఏదైనా ఖర్చు తగ్గిద్దాం అని ఎవరు ముందు అంటే, వాళ్ళు ముందు తమ భాగంలోంచి తగ్గించి చూపించాలి. ఈ నియమం పెట్టాక నా సలహాలు సగానికి సగం తగ్గిపోయాయి. పోయిన నెల తను నవ్వుతూ, "ఏం, ఈ నెల ఏం ఐడియాలు రాలేదా?" అని అడిగింది కూడా.

వీటివల్ల అప్పు అనుకున్నదానికంటే ఆరు నెలలు ఆలస్యంగా తీరుతుంది. అదనంగా కొంత వడ్డీ కూడా పోతుంది. లెక్క వేసి చూశా. ఆ గడి ఎర్రగానే ఉంది. ఉండనిచ్చాం.

నేను పూర్తిగా మారిపోయానని చెప్పను. ఇప్పటికీ బిల్లు చూడగానే ఆ పాత ప్రశ్న నాలుక చివరికి వస్తుంది. కొన్నిసార్లు బయటికి కూడా వచ్చేస్తుంది. అలా వచ్చినప్పుడు తను ఇప్పుడు ఊరుకోవట్లేదు, "అవసరమే" అని ఒక్క మాట చెప్పి వెళ్ళిపోతోంది. నాకు అది చాలు అనిపిస్తోంది.

మీ ఇంట్లో ఈ నెల డబ్బు మిగిలితే సంతోషించండి. కానీ సంతోషించేముందు ఒకసారి అడిగి చూడండి. షీటుని కాదు, ఎదురుగా ఉన్న మనిషిని: ఈ నెల నువ్వు ఏం మానుకున్నావు? జవాబు వచ్చేదాకా ఆగండి. వెంటనే రాకపోవచ్చు.

వచ్చే సంక్రాంతికి మళ్ళీ కరీంనగర్ వెళ్తాం. ఈసారి స్టీలు డబ్బా పెద్దది తీసుకెళ్దామని తను ఇప్పటినుంచే అంటోంది.

శుభం.